కింగ్ క్రిమ్సన్: వెళ్లినవాళ్ల ఖాళీలో కట్టిన సంగీతం

1973 నవంబర్ 23 రాత్రి. ఆమ్‌స్టర్‌డామ్‌లోని కాన్సెర్ట్‌హెబౌ సభాభవనంలో కింగ్ క్రిమ్సన్ అనే ఇంగ్లిష్ రాక్ బ్యాండ్ కచేరీ చేస్తోంది. మధ్యలో ఒకచోట, ఎవరూ ముందుగా అనుకోని సంగీతం మొదలైంది. డేవిడ్ క్రాస్ వయొలిన్ మీద ఒక సన్నని వరుస ఎత్తుకున్నాడు. జాన్ వెటన్ బేస్ గిటార్‌తో దాని వెన్నంటి నడిచాడు. రాబర్ట్ ఫ్రిప్ మెలొట్రాన్ అనే మెట్ల వాద్యం మీద వేణునాదం లాంటి స్వరాలు కలిపాడు. డ్రమ్మర్ బిల్ బ్రూఫర్డ్ మాత్రం రెండు కర్రలూ గుండెల మీద అడ్డంగా పెట్టుకుని కూర్చున్నాడు. ఇక్కడ అందుకుంటాడు, ఇదిగో ఇక్కడ అందుకుంటాడు అనిపించే చోట్లు అందులో చాలానే ఉన్నాయి. ఐదున్నర నిమిషాలకు పైగా సాగిన ఆ ముక్కలో ఆయన ఒక్క దెబ్బ కూడా వేయలేదు. మరుసటి ఏడాది అది 'ట్రయో' పేరుతో 'స్టార్‌లెస్ అండ్ బైబిల్ బ్లాక్' ఆల్బమ్‌లో వచ్చింది. వాయించింది ముగ్గురే అయినా స్వరకర్తలుగా నలుగురి పేర్లూ వేశారు. చేయి కదపకుండా ఆగినవాడికీ ఆ కూర్పులో వాటా ఉందని మిగతావాళ్లు ఒప్పుకున్నారు. ఈ బ్యాండ్ మీద నాకున్న గౌరవానికి ఆ నాలుగో పేరు ఒక పెద్ద కారణం.

రాక్ సంగీతంలో మనుషులు మారిన బ్యాండ్లకు కొదవ లేదు. మామూలుగా గాయకుడు వెళ్లిపోతే అలాంటి గొంతే ఉన్న ఇంకొకరిని వెతుకుతారు. డ్రమ్మర్ వెళితే పాత దరువులన్నీ వచ్చినవాణ్ణి కూర్చోబెడతారు. టికెట్ కొన్నవాళ్లకు తేడా తెలియకూడదు, అంతే. కింగ్ క్రిమ్సన్ 1969 నుంచి 2021 దాకా, మధ్యమధ్యలో మూతపడుతూ తెరుచుకుంటూ, ఇరవైమందికి పైగా సభ్యులతో నడిచింది. మొదటినుంచి చివరిదాకా ఉన్నది ఫ్రిప్ ఒక్కడే. మనిషి మారినప్పుడు ఈ బ్యాండ్, తడబడిన ఒకటి రెండేళ్లను మినహాయిస్తే, పాతవాడి నకలు కోసం వెతకలేదు. కొత్తవాడి చేతిలో ఏముందో చూసి, దాని చుట్టూ సంగీతాన్ని మళ్లీ మొదటినుంచి కట్టుకుంది. ఆ కట్టుబడి ఎలా సాగిందో దగ్గరగా వింటే తప్ప తెలియదు.

1969 జనవరిలో లండన్‌లోని ఫుల్‌హామ్ ప్యాలెస్ రోడ్డులో, ఒక కాఫీ హోటల్ కింది గదిలో మొదటి బృందం సాధన మొదలుపెట్టింది. గిటార్ ఫ్రిప్, పాటా బేసూ గ్రెగ్ లేక్, డ్రమ్స్ మైకేల్ జైల్స్, సాక్సోఫోనూ వేణువూ మెలొట్రానూ ఇయన్ మెక్‌డొనాల్డ్. పాటలు రాయడం, స్టేజీ లైట్లు చూసుకోవడం పీటర్ సిన్‌ఫీల్డ్ పని. ఆరు నెలలు తిరక్కుండానే, జూలై 5న, హైడ్ పార్క్‌లో రోలింగ్ స్టోన్స్ కచేరీకి ముందు లక్షల మంది ఎదుట వాయించారు. అక్టోబర్‌లో 'ఇన్ ద కోర్ట్ ఆఫ్ ద క్రిమ్సన్ కింగ్' ఆల్బమ్ వచ్చింది. నోరు తెరిచి కేకపెడుతున్న ఎర్రటి ముఖంతో ఉన్న దాని అట్ట, పాటలు విననివాళ్లు కూడా గుర్తుపట్టేంత ప్రసిద్ధం. ఆ బొమ్మ వేసిన బారీ గాడ్బర్ కంప్యూటర్ ప్రోగ్రామర్. ఆల్బమ్ వచ్చిన కొద్ది నెలలకే, ఇరవైనాలుగేళ్ల వయసులో చనిపోయాడు.

ఆ రికార్డులో రెండు పనులు గమనించాలి. ఒకటి మెలొట్రాన్ వాడకం. చూడటానికి హార్మోనియంలా మెట్లున్న పెట్టె. ఒక్కో మెట్టు కింద ఒక్కో టేపు ముక్క, దాని మీద ముందే రికార్డు చేసిన వయొలిన్ల మోతో వేణువో ఉంటుంది. మెట్టు నొక్కితే టేపు నడుస్తుంది. ఎనిమిది సెకన్లకు అయిపోతుంది, వేలు తీస్తేనే వెనక్కి వెళుతుంది. అంటే స్వరాన్ని ఎంతసేపు పట్టి ఉంచాలన్నది వాయించేవాడి ఇష్టం కాదు. 'ఎపిటాఫ్'లో అలలు అలలుగా వచ్చే ఆ వాద్యబృందపు హోరు ఈ ఇరుకులోంచే పుట్టింది.

రెండోది 'ట్వెంటీ ఫస్ట్ సెంచరీ స్కిజాయిడ్ మ్యాన్' మధ్యభాగం. గిటార్, సాక్సోఫోన్, బేస్, డ్రమ్స్ నాలుగూ ఒకే వరుసను ఒకే వేగంతో, ఒకే ప్రాణిలా పరిగెత్తిస్తాయి. హఠాత్తుగా ఆగుతాయి. పూర్తి నిశ్శబ్దం. మళ్లీ నాలుగూ ఒక్కసారే. ఆ ఆగే చోట్ల మధ్య సందు ప్రతిసారీ ఒకేలా ఉండదు, అయినా ఒక్కరూ ముందు రారు, వెనకబడరు. ఏడాదైనా నిండని బృందం ఇంత బిగువు సాధించిందంటే, ఆ కింది గదిలో ఎన్ని గంటలు కరిగించారో ఊహించుకోవచ్చు.

ఏడాది తిరిగేలోపే అది చెదిరింది. డిసెంబర్‌లో అమెరికా పర్యటన మధ్యలోనే మెక్‌డొనాల్డ్, జైల్స్ వెళ్లిపోతామన్నారు. అవసరమైతే తానే తప్పుకుంటానని, బ్యాండ్ నిలవాలని ఫ్రిప్ వాళ్లతో అన్నాడు. ఇది మాకంటే నీదే ఎక్కువ అని వాళ్లు ఒప్పుకోలేదు. కొద్దికాలానికే లేక్ కూడా వేరే బ్యాండ్ పెట్టుకున్నాడు. 1970, 71 సంవత్సరాలు తడబాటు కాలం. 'ఇన్ ద వేక్ ఆఫ్ పొసైడన్' మొదటి ఆల్బమ్ అచ్చులోనే పోసినట్టు ఉంటుంది, పైన చెప్పిన మినహాయింపు దాని కోసమే. 'లిజర్డ్'లో జాజ్ ఊదుడు వాద్యాలూ కీత్ టిపెట్ పియానో అద్భుతంగా ఉన్నా, ఆల్బమ్ మొత్తంగా ఒక చోట కుదురుకోదు. ఆ రోజుల్లో ఒక సంగతి మాత్రం నాకు ఇష్టం. సరైన బేస్ వాద్యకారుడు దొరక్కపోతే, అప్పటికి పాడటం మాత్రమే వచ్చిన బోజ్ బరెల్‌కు కూర్చోబెట్టి బేస్ నేర్పారు. తర్వాత ఆయన బ్యాడ్ కంపెనీ బ్యాండ్‌లో బేస్ వాద్యకారుడిగానే పేరు తెచ్చుకున్నాడు.

1972లో ఫ్రిప్ అంతా తుడిచేసి కొత్తగా మొదలుపెట్టాడు. యెస్ బ్యాండ్ మంచి ఊపు మీద ఉండగా దాన్ని వదిలి బ్రూఫర్డ్ వచ్చాడు. వెటన్, క్రాస్ వచ్చారు. జేమీ మ్యూర్ అనే మరో తాళవాద్యకారుడు చేరాడు. ఆయన సరంజామాలో రేకులు, గొలుసులు, గంటలు, పిల్లల ఆటవస్తువులు ఉండేవి. 'లార్క్స్ టంగ్స్ ఇన్ యాస్పిక్' ఆల్బమ్‌కు ఆ వింత పేరు ఆయనదే. అది ఆఫ్రికా బొటనవేలి పియానో టింగుటింగులతో మెల్లగా మొదలవుతుంది, కాసేపటికి ఇనుప గోడ మీద పడ్డట్టు గిటార్ విరుచుకుపడుతుంది. 1973లో ఆల్బమ్ బయటికి వచ్చేసరికే మ్యూర్ సంగీతం వదిలి స్కాట్లండ్‌లోని బౌద్ధారామానికి వెళ్లిపోయాడు. ఆ స్థానంలో ఎవరినీ తీసుకోలేదు. బ్రూఫర్డ్ తన డ్రమ్స్ పక్కనే రేకులూ గంటలూ చేర్చుకున్నాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆ చేతులు ఆగింది ఇది జరిగిన కొద్ది నెలలకే. ఎక్కడ మోగించాలో, ఎక్కడ ఆగాలో మ్యూర్ పక్కన కూర్చుని నేర్చుకున్న మనిషి ఆయన.

ఇక 'స్టార్‌లెస్'. ఈ బ్యాండ్ పనితనం మొత్తం ఒక్క పాటలో చూడాలంటే పన్నెండు నిమిషాల ఈ పాటే. మొదట ఇది వెటన్ తెచ్చిన విషాద గీతం. ఫ్రిప్‌కూ బ్రూఫర్డ్‌కూ అంతగా నచ్చలేదు, పక్కన పెట్టారు. దాని పేరు మాత్రం ఇంకో వాద్యకూర్పుకూ, 'స్టార్‌లెస్ అండ్ బైబిల్ బ్లాక్' ఆల్బమ్‌కూ పెట్టేశారు. తర్వాత పాటను మళ్లీ తీసి సానబట్టారు. మొదట్లో వచ్చే రాగం 1974 కచేరీల్లో క్రాస్ వయొలిన్ మీద పలికేది. ఆ వేసవిలో అమెరికా పర్యటన ముగిశాక క్రాస్‌ను తప్పించారు. రికార్డింగుకు వచ్చేసరికి బృందంలో మిగిలింది ముగ్గురే.

ఆ రాగాన్ని ఫ్రిప్ కొద్దిగా మార్చి గిటార్ మీదికి తెచ్చుకున్నాడు. వయొలిన్ కమాను సాగదీసినట్టే ఒక్కో స్వరాన్నీ సాగదీసి నిలబెడతాడు. వెటన్ పాడటం అయిపోయాక అసలు కట్టడం మొదలవుతుంది. బ్రూఫర్డ్ కూర్చిన బేస్ వరుస పదమూడు లెక్కన నడుస్తుంది. పన్నెండు దగ్గర ఊపిరి పీల్చుకుందామనుకున్న చెవిని ఆ పదమూడోది మళ్లీ ముందుకు నెడుతుంది. దాని మీద ఫ్రిప్ ఒకే ఒక్క స్వరాన్ని, రెండు తీగల మీద మార్చి మార్చి, మీటుతూ పోతాడు. చాలాసేపటికి ఒక మెట్టు పైకి. మళ్లీ అదే పని. నిమిషాల తరబడి సాగే ఈ ఎక్కుడులో గిటార్ వాద్యకారుడికి తన విద్య చూపించుకునే చోటు ఒక్కటీ లేదు. బ్రూఫర్డ్ మొదట అక్కడొక టకటక, ఇక్కడొక చిన్న దెబ్బతో ఉంటాడు. వెటన్ బేస్ బొంగురుపోతూ, కరుకెక్కుతూ ఉంటుంది. ఇక భరించలేం అనిపించే ఘడియలో వేగం రెట్టింపై, కట్ట తెగినట్టు అంతా ఒక్కసారి పరిగెడుతుంది. అందులోంచి లేచే సాక్సోఫోన్లు ఎవరివి? 1969లో వెళ్లిపోయిన మెక్‌డొనాల్డ్‌ది ఒకటి, 1971 బృందంలోని మెల్ కాలిన్స్‌ది ఇంకొకటి. ఇద్దరూ అతిథులుగా వచ్చి వాయించారు. చివర్లో మొదటి రాగం తిరిగి వచ్చేసరికి ఆ పాటలో ఐదేళ్ల కింగ్ క్రిమ్సన్ మొత్తం పోగుపడి ఉంది. బృందంలో లేని క్రాస్ పేరు కూడా స్వరకర్తల్లో ఉంచారు.

ఈ పాట ఉన్న 'రెడ్' ఆల్బమ్ 1974 అక్టోబర్‌లో దుకాణాలకు చేరేసరికే ఫ్రిప్ బ్యాండ్‌ను రద్దు చేసేశాడు. ఎప్పటికప్పుడు కొత్తగా కట్టుకునే ఈ పద్ధతికి మనుషులు చెల్లించిన ధర తక్కువేమీ కాదు. ఉన్నట్టుండి దారి మూసుకుపోయినవాళ్లు ఉన్నారు, నొచ్చుకుని వెళ్లినవాళ్లు ఉన్నారు. పనితనాన్ని మెచ్చుకునేటప్పుడు దాన్ని దాచనక్కర్లేదు.

1981లో మళ్లీ మొదలైన బ్యాండ్‌ను వింటే పేరు ఒక్కటే పాతదనిపిస్తుంది. మెలొట్రాన్ లేదు, వయొలిన్ లేదు, సాక్సోఫోన్ లేదు. ఫ్రిప్ పక్కన మొదటిసారి రెండో గిటార్, ఏడ్రియన్ బెల్యూది. గిటార్‌తో ఏనుగు ఘీంకారాలు పుట్టించగల మనిషి. టోనీ లెవిన్ చేతిలో చాప్‌మన్ స్టిక్, రెండు చేతుల వేళ్లతోనూ తట్టి వాయించే పది తీగల వాద్యం. సింబల్స్ బాగా తగ్గించమని బ్రూఫర్డ్‌ను అడిగారు. అలవాటైనదాన్ని చేతిలోంచి లాగేస్తే చేయి కొత్త దారి వెతుక్కుంటుందన్నది ఫ్రిప్ నమ్మకం. బ్రూఫర్డ్ ఎలక్ట్రానిక్ డ్రమ్ములతో ఆ దారి కనిపెట్టాడు.

'ఫ్రేమ్ బై ఫ్రేమ్' తీసుకోండి. రెండు గిటార్లూ ఏడు లెక్కలో ఒకే అల్లికను వాయిస్తుంటాయి. ఏడు లెక్క మనకు కొత్త కాదు, మిశ్రచాపులో కీర్తనలు విన్న చెవికి అది సుఖంగానే కూర్చుంటుంది. ఒక్కో ఆవృతానికి పద్నాలుగు చిన్న స్వరాలు. కొంతసేపటికి ఒక గిటార్ చివరి స్వరాన్ని వదిలేసి పదమూడుతో తిరగడం మొదలుపెడుతుంది. మొదటి చుట్టులో ఒక స్వరం ఎడం, రెండో చుట్టులో రెండు. ఒకే దారం రెండు దారాలుగా విడిపోతుంది, ఏ గిటార్ ఏదో పోల్చుకోలేం. లెక్క ప్రకారం ఒకటి పదమూడు చుట్లు, రెండోది పద్నాలుగు చుట్లు తిరిగితే, 182 స్వరాల తర్వాత మళ్లీ ఒకచోట కలవాలి. బెల్యూ దీన్ని వాయిస్తూనే పైన తీరిగ్గా పాడతాడు. ఇండొనేసియా గమెలాన్ సంగీతంలో చాలామంది చిన్నచిన్న దెబ్బలతో ఒకే పెద్ద అల్లిక నేస్తారు. ఆ పద్ధతే ఇక్కడ రెండు గిటార్లలోకి దిగింది. ఎవరు గొప్పగా వాయించారన్న ప్రశ్నకు ఇందులో చోటే లేదు. ఈ నలుగురూ మూడు ఆల్బమ్‌లు చేశారు. మొదటిదైన 'డిసిప్లిన్' స్థాయిని మిగతా రెండూ అందుకోలేదని నా అభిప్రాయం.

1994లో రెండు గిటార్లు, రెండు బేసులు, ఇద్దరు డ్రమ్మర్లతో ఆరుగురి బృందం వచ్చింది. 2000 నాటికి అది నలుగురి బృందమైంది. వీటిలో మెచ్చదగ్గవి లేకపోలేదు గానీ, మనసు పెట్టి చూడాల్సింది 2014లో స్టేజీ ఎక్కిన ఏడుగురిని. డ్రమ్మర్లు సాధారణంగా వెనక ఉంటారు. ఇక్కడ పాట్ మాస్టెలోటో, బిల్ రీఫ్లిన్, గావిన్ హారిసన్ ముగ్గురూ ముందు వరుసలో కూర్చున్నారు. మిగతా నలుగురూ వెనక ఎత్తు మీద. ముగ్గురూ ఒకే దరువు వాయిస్తే చప్పుడు తప్ప ఏమీ మిగలదు. అందుకే ఒక డ్రమ్మర్ చేయాల్సిన పనిని ముగ్గురికీ పంచారు. ఒక దెబ్బ ఎడమవైపు పుడితే దాని జవాబు మధ్యలో, ముక్తాయింపు కుడివైపు. దాదాపు నలభై ఏళ్ల తర్వాత మెల్ కాలిన్స్ సాక్సోఫోన్‌తో తిరిగొచ్చాడు. పాడింది జాకో జాక్‌జిక్. 1971లో ఈ బ్యాండ్ కచేరీ చూసి మైమరచిన పిల్లవాడే ఆయన. పాత పాటలెన్నో వాయించారు, ఏదీ పాతలా వాయించలేదు. 'స్టార్‌లెస్'లో ఆ ఒంటి స్వరం పైకెక్కుతున్నకొద్దీ స్టేజీ అంతా మెల్లమెల్లగా ఎర్రబడేది. ఆ బృందమే, కొద్ది మార్పులతో, 2021 డిసెంబర్ 8న టోక్యోలో ఆఖరి కచేరీ చేసింది.

వినాలనుకునేవాళ్లు ఆల్బమ్‌లను ఏళ్ల వరుసలో వినకండి. 'స్కిజాయిడ్ మ్యాన్' ఒక్క పాటనే పట్టుకోండి. 1969 రికార్డు వినండి. తర్వాత 1974 కచేరీల్లో సాక్సోఫోన్ స్థానాన్ని వయొలిన్ ఎలా నింపిందో వినండి. 1996లో ఆరుగురి బృందం సాక్సోఫోన్ లేకుండా రెండు గిటార్లతో దాన్ని ఎలా ఎత్తుకుందో చూడండి. ఆ తర్వాత 2015 కచేరీల నుంచి తీసిన 'రాడికల్ యాక్షన్' సంపుటిలోది పెట్టండి. మధ్యభాగంలో అందరూ ఆగే చోట్లు నాలుగింటిలోనూ ఉన్నాయి. ఆ సందుల్లోకి ఎవరెవరు ఎలా దూకుతున్నారో ఒక్కో రికార్డుకూ పోల్చి చూసుకోండి.