ఉచితమైనంత మాత్రాన మనదవుతుందా?

ఆస్ట్రేలియాలో మన పిల్లలకు తెలుగు చెప్పే ఉపాధ్యాయులకు నేడు పుస్తకాల కొరత లేదు. అంతర్జాలంలో కావలసినన్ని ఉచితంగా దొరుకుతున్నాయి. అవి ఎవరి పిల్లల కోసం రాసినవో మాత్రం మనం అడగడం లేదు.

తెలంగాణ ప్రభుత్వ ఒకటవ తరగతి వాచకాన్నే తీసుకుందాం. బొమ్మలు ముచ్చటగా ఉంటాయి. బొమ్మ చూపి, దీన్ని గురించి మాట్లాడమంటుంది పుస్తకం. వరంగల్లు పిల్లవాడికి మాట ముందే వచ్చు; రావలసింది అక్షరం. మన సంగతి వేరు. 1903 నుండి మద్రాసు ఓడలెక్కి ఫిజీ చెరకుతోటలకు గిరిమిట్ మీద వెళ్ళినవారి సంతతి మనం. 1987 సైనిక తిరుగుబాట్ల తరువాత ఇటు తరలివచ్చిన కుటుంబాలు అనేకం. చాలా ఇళ్ళలో అన్నం, కూర, అమ్మ వంటి మాటలు మిగిలాయి. తక్కినదంతా ఫిజీ హిందీ, ఇంగ్లీషు. ఆ బొమ్మ ముందు మన పిల్ల మౌనంగా కూర్చుంటుంది. తప్పు పిల్లదీ కాదు, పుస్తకానిదీ కాదు.

పోనీ, పాఠాన్ని మనకు తగినట్లు మార్చుకుందామా? ఆ పుస్తకంలోనే ఉచిత పంపిణీ అని ఒకచోట, సర్వహక్కులు ప్రభుత్వానివని మరొకచోట అచ్చయి ఉంటుంది. చదువుకోవచ్చు, చెయ్యి పెట్టకూడదు!

బ్రౌను దొర నిఘంటువు 1903 నాటి కూర్పును షికాగో విశ్వవిద్యాలయం వారు అందరికీ అందుబాటులో ఉంచారు. ఇంగ్లీషులో అర్థాలుంటాయి గనుక ఉపాధ్యాయులకు మేలైనదే. పిల్లల చేతికిచ్చేది కాదు.

నాకు నచ్చినది ప్రథమ్ బుక్స్ వారు 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్. అక్కడి కథలను అచ్చువేసుకోవచ్చు, అనువదించుకోవచ్చు, మార్చుకోవచ్చు కూడా. లోపాలు లేకపోలేదు. కొన్ని అనువాదాలు మరీ చప్పగా ఉన్నాయి. పేరుకు మొదటి మెట్టు కథ; తెరిస్తే "వెళ్ళిపోయిందనుకుంది" వంటి మాట ఎదురవుతుంది. ఇంగ్లీషులో అది అయిదారు చిన్న మాటలు, తెలుగులో ఒకే పెద్ద మాట. మాటలు లెక్కపెట్టి మెట్లు కడితే ఇంతే మరి.

అయినా ఆ మాటను విడదీసి "వెళ్ళింది" అని రాసుకునే హక్కు మనకుంది. మామిడితోట కథను చెరకుతోటకు తరలించవచ్చు. అవ్వ పక్కన మన పిల్లలెరిగిన ఆజీని కూర్చోబెట్టవచ్చు. మూల రచయిత పేరు, చిత్రకారుని పేరు, లైసెన్సు చూపి, మార్చిన సంగతి చెబితే చాలు. వారాంతపు బడులవారు వచ్చే సెలవుల్లో పది కథలు ఇలా సరిచేసినా ఏడాది పాఠాలకు సరిపోతాయి.