మందల వెంట నడిచిన నవ్వు

2023 మార్చిలో ‘బలగం’ విడుదలయ్యాక పల్లెల్లో తెరలు కట్టి, ఊరంతా కలిసి చూశారు. వేణు ఎల్దండి తీసిన ఆ సినిమాలో తాత కొమురయ్య కన్నుమూస్తాడు. చావింట్లోనే అలకలు, బావాబామ్మర్దుల పంతాలు, కడుపుబ్బ నవ్వులు. చివర జానపద గాయకులైన బుడగజంగాల పాట విని ఇంటిల్లిపాదీ ఏడుస్తారు. నవ్వును, ఏడుపును ఒకే వాకిట్లో కూర్చోబెట్టే ఈ విద్య తెలంగాణ గొర్ల కాపరులకు ఏనాటిదో. వాళ్లు రాత్రంతా పాడుతూ చెప్పే ఒగ్గుకథ నిలబడ్డదే దాని మీద.

హైదరాబాద్ శివార్లలోని కొత్తూరు, శంషాబాద్ వైపు పల్లెల్లోనూ గొర్లు కాసే గొల్లకురుమల ఇళ్లున్నాయి. గొల్లలకు మల్లన్న కథ, కురుమలకు బీరప్ప కథ ఇంటి కథలే. మల్లన్నకు మేడలమ్మ ఒక భార్య, గొల్ల కేతమ్మ ఇంకో భార్య. దేవుడికైనా సవతుల పోరు తప్పలేదు. బీరప్ప కథకు అక్క మంకాలి ప్రేమే ఆయువుపట్టు. మంద, మేత, పెళ్లి, అలక, తోబుట్టువు. కాపరి బతుకంతా అందులో ఉంది.

ఒగ్గు అంటే చేతిలో ఇమిడే చిన్న వాద్యం, శివుడి డమరుకం. దానికి డోలు, తాళాలు, నపీర తోడవుతాయి. ప్రధాన కథకుడు కాళ్లకు గజ్జెలు కట్టి కథ ఎత్తుకుంటాడు. భుజం మీది వస్త్రాన్ని తల మీద కప్పితే కేతమ్మ, నడుముకు బిగిస్తే మల్లన్న. వేషం మార్చుకోవడానికి తెర చాటుకు పోడు, జనం కళ్లముందే మారిపోతాడు.

అసలు కీలకం పక్కనున్న వంతగాడు. కథకుడు ‘మల్లన్న మందను చూసిండు’ అనగానే ‘చూసి ఏం జేసిండే?’ అని అడ్డుపడతాడు. దేవుణ్ని ఊళ్లో మనిషిలా నిలదీస్తాడు, సవతుల గొడవలో తీర్పులు చెబుతాడు. ఆ నవ్వుల్లో జనం కథకు దగ్గరవుతారు. అప్పుడు డోలు ఆగి, కథకుడు గొంతు దించి దుఃఖం పాడితే ముందు వరసలోని ముసలమ్మలు కొంగుతో కళ్లొత్తుకుంటారు. నవ్వించకుండా నేరుగా ఏడిపించబోతే అంత లోతుకు దిగదు.

దేవుడి ముందు పట్నం అనే రంగుల ముగ్గును ఒగ్గు పూజారులే వేస్తారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పసుపు సన్నటి ధారగా జారుతుంటే నేల మీద గీతలు, గళ్లు తేలతాయి. వాటిలో కుంకుమ, బియ్యప్పిండి, ఆకుపచ్చ పొడి నింపుతారు. కొమురవెల్లి మల్లన్న జాతర సంక్రాంతి తర్వాతి ఆదివారం మొదలై ఉగాది దాకా సాగుతుంది. ఆ తొలి ఆదివారానికి పట్నంవారమని పేరు. హైదరాబాద్ భక్తులు బోనాలతో తరలివెళ్లే రోజది.

ఈ కళను వాకిళ్ల నుంచి పెద్ద వేదికల దాకా తీసుకెళ్లినవారు చుక్క సత్తయ్య. జనగామ ప్రాంతంలోని మాణిక్యపురం ఆయన ఊరు. సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్న ఆయన 2017 నవంబరులో కన్నుమూశారు. వేములవాడ దగ్గర హన్మాజీపేటకు చెందిన మిద్దె రాములు ఎల్లమ్మ కథతో ఊరూరా పేరు తెచ్చుకున్నారు.

ఇవాళ ఒగ్గుడోలు బృందాలు ఊరేగింపుల్లో, ప్రభుత్వ వేడుకల్లో మార్మోగుతున్నాయి. ఆ దరువు బతికినందుకు సంతోషించాల్సిందే. అయితే పది నిమిషాల ఊరేగింపులో వంతగాడికి మాట దొరకదు, మేడలమ్మకు అలిగే తీరిక ఉండదు. కథకు రాత్రి కావాలి, కూర్చునే జనం కావాలి. 2008లో విమానాశ్రయం వచ్చాక శంషాబాద్ చుట్టూ బీళ్లు వెంచర్లుగా మారాయి, మందలకు మేత దూరమైంది. ఈ ఊళ్ల బీరప్ప పండుగల్లో డీజేకు పెట్టే ఖర్చును ఒక్క రాత్రి పూర్తి కథకు మళ్లించి, బడిపిల్లలను ముందు వరసలో కూర్చోబెడితే వంతగాడి ప్రశ్నలకు బదులిచ్చే కొత్త గొంతులు తయారవుతాయి.