తెర మీదికి రాని చికిత్స

మీరు కాలేజీలో సైకాలజీ చదువుతున్నట్లయితే ఒక పాత అమెరికన్ విద్యాచిత్రం గురించి వినే ఉంటారు. 1965లో ఎవరెట్ షోస్ట్రమ్ నిర్మించిన ఆ చిత్రం పేరుకు అర్థం ‘మానసిక చికిత్సకు మూడు పద్ధతులు’. విడాకులు తీసుకున్న ఒక యువతి ముగ్గురు ప్రసిద్ధ చికిత్సకులతో ఒకరి తర్వాత ఒకరితో మాట్లాడుతుంది. ముందు కార్ల్ రోజర్స్, తర్వాత ఫ్రిట్జ్ పెర్ల్స్, చివర ఆల్బర్ట్ ఎల్లిస్. ఒక్కొక్కరికీ అరగంటకు అటూ ఇటూ. ఇది నటన కాదు. ఆమె కష్టం నిజంగా ఆమెదే. కౌన్సెలింగ్ పద్ధతుల మధ్య తేడా చెప్పవలసి వచ్చినప్పుడు పాఠం చెప్పేవాళ్లు ఇప్పటికీ ఈ సినిమానే చూపిస్తుంటారు. చూడదగిన సినిమాయే. అయితే దాన్ని చూసి బయటికొచ్చే విద్యార్థి రెండు తప్పుడు అభిప్రాయాలు కూడా వెంట తెచ్చుకుంటాడు.

ఆమె సమస్య ఇది. విడాకుల తర్వాత మరో మగవాడితో సంబంధం ఉందా అని తొమ్మిదేళ్ల కూతురు అడిగింది. తల్లి లేదని అబద్ధం చెప్పింది. అది ఆమె మనసును తొలుస్తోంది. నిజం చెప్పాలా వద్దా అని రోజర్స్‌ను ఎన్నిసార్లు అడిగినా ఆయన జవాబు చెప్పడు. ఆమె చెప్పిందే మరింత స్పష్టమైన మాటల్లో ఆమెకు తిరిగి అందిస్తూ, ఏది సరైనదో ఆమే తేల్చుకునేలా పక్కనే ఉంటాడు. పెర్ల్స్ తీరు వేరు. భయంగా ఉందని ఆమె అన్నప్పుడు, మరి నవ్వుతున్నావేమని పట్టుకుంటాడు. నటిస్తున్నావంటాడు. ఆమెకు కోపం వస్తుంది, ఆయనకు కావలసిందీ అదే. ఎల్లిస్ గబగబా మాట్లాడతాడు. మగవాళ్ల ముందు ఆమె బిడియానికి కారణం ఆమె తనకు తాను చెప్పుకునే తప్పుడు మాటలేనని వాదించి, ఇంటికి వెళ్లి చేయవలసిన పని కూడా అప్పగిస్తాడు. రోగికన్నా వైద్యుడే ఎక్కువ మాట్లాడితే ఎలా ఉంటుందో తెలియాలంటే ఈ భాగం చూడాలి!

మొదటి తప్పుడు అభిప్రాయం: ఇది ఒక ప్రయోగమని. ఒకే రోగి, ముగ్గురు వైద్యులు, పోల్చి చూసుకోవడమే అనిపిస్తుంది. కానీ మూడో గదిలోకి వెళ్లే మనిషి మొదటి గదిలోకి వెళ్లిన మనిషి కాదు. రోజర్స్ ఓదార్పూ పెర్ల్స్ పెట్టిన మంటా మోసుకునే ఆమె ఎల్లిస్ ముందు కూర్చుంది. చివర్లో ఎవరు నచ్చారని అడిగితే, ఈ సమయంలో పెర్ల్స్ ఎక్కువ ఉపయోగపడతాడంది. తర్వాత ఏళ్ల తరబడి ఉత్తరాలు నడిచింది మాత్రం రోజర్స్‌తో. అప్పటికప్పుడు అడిగి తెలుసుకున్న ఇష్టం చికిత్స ఫలితానికి కొలత కాదని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

రెండోది ఇంకా పెద్దది. మూడు పద్ధతులంటే అన్నీ అయిపోయాయనుకుంటాం. అన్నిటికన్నా పాతదైన మనోవిశ్లేషణా, దాని నుంచి వచ్చిన సైకోడైనమిక్ చికిత్సా తెర మీద లేనే లేవు. విచిత్రమేమంటే పెర్ల్స్, ఎల్లిస్ ఇద్దరూ మనోవిశ్లేషణలో శిక్షణ పొందినవాళ్లే. పుట్టింటితో తగువుపడి బయటికి వచ్చినవాళ్లు తెర నిండా ఉన్నారు, పుట్టిల్లు మాత్రం కనబడదు.

సైకోడైనమిక్ అనగానే సోఫా మీద పడుకుని ఏళ్ల తరబడి కలలు చెప్పుకోవడం అనుకోకండి. ఈనాడు చాలాచోట్ల వారానికి ఒకటి రెండు సార్లు ఎదురెదురుగా కూర్చునే మాట్లాడుకుంటారు. మూలసూత్రం మాత్రం మారలేదు. మనల్ని నడిపించే భయాలు, కోరికలు కొన్ని మన ఎరుకలో ఉండవు. చిన్ననాటి బంధాల్లో అలవడిన తీరునే తెలియకుండా కొత్త మనుషుల మీద మళ్లీ ప్రయోగిస్తాం. తండ్రికి భయపడి పెరిగిన కుర్రాడు మెత్తని లెక్చరర్ ముందు కూడా బిగుసుకుపోతాడు. వైద్యుడి ముందూ అంతే. దీన్ని ట్రాన్స్‌ఫరెన్స్ అంటారు, అంటే భావాల బదలాయింపు. ఆ బదలాయింపు కళ్లముందు జరుగుతున్నప్పుడు దాన్ని పట్టి చూపడమే సైకోడైనమిక్ వైద్యుడి పని. మన దేశానికి ఇది కొత్తేమీ కాదు. గిరీంద్రశేఖర్ బోస్ 1922లోనే కలకత్తాలో భారత మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించి, ఫ్రాయిడ్‌తోనే ఉత్తరాల్లో వాదనకు దిగాడు.

రోజర్స్ భాగం చివర్లో ఆమె, మీరు నా తండ్రి అయితే బాగుండునన్న అర్థం వచ్చే మాట అంటుంది. నువ్వు మంచి కూతురిలాగే కనిపిస్తున్నావన్నట్టు ఆయన ఆప్యాయంగా బదులిస్తాడు. చూసేవాళ్ల కళ్లు చెమరుస్తాయి. అదే చోట సైకోడైనమిక్ వైద్యుడు ఉంటే అంత తొందరగా ఓదార్చడు. తండ్రి దగ్గర దొరకనిదేమిటి, దాన్ని ఇంకా ఎవరెవరి దగ్గర వెతుకుతున్నావు అన్న దారిలో నడిపిస్తాడు. ఏది మేలో ఆ అరగంట చెప్పలేదు. కానీ వేరే దారి ఒకటుందని కూడా చూసేవాళ్లకు తెలియకుండా పోతోంది. అది కాలం కోరే చికిత్స. అరగంట సినిమాలో ఇమడదు నిజమే, ఆ ముక్కైనా చెప్పి ఉండవలసింది.

ఈ మౌనానికి తోడు, మనోవిశ్లేషణ పనిచేయదని తేలిపోయిందన్న మాట ఒకటి ప్రచారంలో ఉంది. దీనికి మూలం 1952లో హాన్స్ ఐసెంక్ రాసిన వ్యాసం. న్యూరోసిస్ రోగుల్లో మూడింట రెండు వంతుల మంది మానసిక చికిత్స లేకపోయినా రెండేళ్లలో కోలుకుంటారనీ, మనోవిశ్లేషణ పొందినవాళ్లలో బాగుపడ్డది 44 శాతమేననీ ఆయన లెక్కకట్టాడు. అయితే మధ్యలో మానేసినవాళ్లను కూడా విఫలమైనవాళ్లలో కలిపాడు. వాళ్లను తీసేస్తే 66 శాతమవుతుందని ఆయన వ్యాసంలోనే ఉంది. పైగా ఆ రోగులను లాటరీ పద్ధతిలో గుంపులుగా విడదీయలేదు. వేరువేరు చోట్ల వేరువేరుగా రాసుకున్న లెక్కలను పక్కపక్కన పెట్టారు, అంతే.

లాటరీ వేసి పోల్చిన పరీక్షలు తర్వాత వచ్చాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లో 341 మంది డిప్రెషన్ రోగులను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఆలోచనలనూ ప్రవర్తననూ సరిదిద్దే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, రెండో గుంపుకు సైకోడైనమిక్ చికిత్స, రెండింటికీ 16 సిటింగులు. 2013లో వెలువడిన ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కాకపోతే చికిత్స ముగిసేసరికి పూర్తిగా కోలుకున్నవాళ్లు మొత్తం మీద 23 శాతం లోపే. గొప్పలు చెప్పుకోవడానికి ఎవరికీ వీల్లేదు.

ఇది చదివి, ఏ పద్ధతైనా ఒకటేనని తీర్మానించకండి. కోపెన్‌హేగెన్‌లో 70 మంది బులీమియా రోగుల మీద మరో పరీక్ష జరిగింది. అదుపు లేకుండా తినేసి, వెంటనే వాంతి చేసుకునే జబ్బు అది. కాగ్నిటివ్ చికిత్స ఐదు నెలల్లో 20 సిటింగులు. మనోవిశ్లేషణాత్మక చికిత్స వారం వారం రెండేళ్లు. రెండేళ్ల తర్వాత చూస్తే, మొదటి గుంపులో 44 శాతం మంది ఆ అలవాటు నుంచి బయటపడ్డారు. రెండో గుంపులో 15 శాతమే. ఆ పరీక్ష నడిపిన ముఖ్యులు స్వయంగా మనోవిశ్లేషణ వైపు మొగ్గు ఉన్నవాళ్లు. తమ పద్ధతికి ఎదురుగా వచ్చిన ఆ ఫలితాన్ని 2014లో వాళ్లే ప్రచురించారు.

అందుకే ‘ఏ పద్ధతి గొప్పది’ అనే ప్రశ్నే నాకు నచ్చదు. ఏ జబ్బుకు, ఎన్ని సిటింగుల్లో, దేనితో పోల్చి చూశారు అని అడగాలి. రేపు మీరో మీ స్నేహితుడో కౌన్సెలర్ దగ్గరికి వెళ్లవలసి వస్తే ఇవే ప్రశ్నలు వేయవచ్చు. అలా అడగడం అమర్యాదేమీ కాదు. అన్నీ కలిపి వాడతామని సమాధానం వస్తే, ఏవేవి కలుపుతారో, నా సమస్యకు అవెందుకో కూడా చెప్పించుకోండి.

సినిమాను క్లాసుల్లో ఆపేయమని నేను అనను. రోజర్స్ వినే తీరు పుస్తకం చదివితే అర్థమయ్యేది కాదు. సినిమా అయిపోయాక కోపెన్‌హేగెన్ వ్యాసంలోని ఫలితాల పట్టికను బోర్డు మీద రాస్తే చాలు. దానికి పది నిమిషాలు పడుతుంది.