సొంతంగా పనిచేసే కన్సల్టెంట్ పనితనం
కంపెనీ ఉద్యోగం మానేసి సొంతంగా సాఫ్ట్‌వేర్ కన్సల్టింగ్ పెట్టుకున్నాడంటే మనవాళ్లు ముందు జాలిపడతారు. పెళ్లి సంబంధాల దగ్గరైతే ఇంకా అనుమానం. ఆ దారిలోనే ఇరవై ఏళ్లు నిలబడ్డవాళ్లను చూస్తే నాకు మాత్రం ముచ్చటేస్తుంది.

హైదరాబాద్ కోఠీలో ఓ మందుల హోల్‌సేల్ వ్యాపారి ఉన్నాడనుకోండి. బిల్లింగ్ రిపోర్టుకు పది నిమిషాలు పడుతోంది, పెద్ద సర్వర్ కొనాలా అని అడుగుతాడు. కన్సల్టెంట్ వెంటనే కీబోర్డు ముట్టుకోడు. రోజూ ఆ రిపోర్టు తీసే అకౌంట్స్ అమ్మాయి పక్కన కుర్చీ వేసుక్కూర్చుని, ఏ తేదీలు ఇస్తోందో, ఏ బటన్ నొక్కుతోందో చూస్తాడు. ఆ తర్వాతే 'ఎక్స్‌ప్లెయిన్' కమాండ్ ఇచ్చి, డేటాబేస్ ఆ క్వెరీని ఎలా నడుపుతోందో చూస్తాడు. తేదీ కాలమ్‌కు ఇండెక్స్ లేక, అది ఏళ్లనాటి బిల్లులన్నీ తిరగేస్తోందని తేలుతుంది. ఒక్క లైనుతో ఇండెక్స్ పెడితే రిపోర్టు సెకన్లలో వస్తుంది. సర్వర్ అక్కర్లేదండీ అని చెప్పి, చేతికొచ్చిన పెద్ద బేరం వదులుకుంటాడు. మళ్లీ పిలుపొచ్చేది అందుకే.

మిగతాదంతా లెక్కల గొడవ: ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ, పైగా క్లయింటు కోసే టీడీఎస్. పీఎఫ్ లేదు, పండక్కి బోనసూ లేదు.

పని విషయానికొస్తే, ఇంకెవరో ఎప్పుడో రాసిపోయిన కోడ్‌ను తిట్టకుండా చదవడం అన్నిటికన్నా అరుదైన విద్య. అమీర్‌పేట కోర్సుల్లో అది నేర్పరు. మంచి కన్సల్టెంట్ పనయ్యాక ఏం మార్చాడో, ఎందుకు మార్చాడో రెండు పేజీల్లో రాసి, పాస్‌వర్డులన్నీ యజమానికి అప్పజెప్పి మరీ వెళతాడు.