గోర్కీ చూసిన మనుషులు

గోర్కీ అనగానే మనవాళ్లకు ముందు గుర్తుకు వచ్చేది "అమ్మ" నవల. కాని ఆయన తాను నిజంగా యెరిగిన మనుషులను గురించి కూడా, పేర్లు పెట్టి, జీవితాంతం రాస్తూనే వచ్చాడు. వాళ్లందరినీ ఒకే కంటితో చూశాడా? చూడలేదు. యీ తేడా యెక్కడినుంచి వచ్చిందో విచారించటం ఆయన్ను అభిమానించే మనకే యెక్కువ అవసరం.

1913-14 లో వెలువడిన "నా బాల్యం" తీసుకుందాం. తాత కషీరిన్ అద్దకం కార్ఖానా యజమాని, పిసినారి, క్రూరుడు. బల్లమీది తెల్లగుడ్డను నీలిరంగులో ముంచినందుకు మనుమణ్ణి స్పృహ తప్పేదాకా బరికెలతో కొట్టాడు. మరో రచయిత అయితే "దోపిడీదారు" అని చీటీ అంటించి అక్కడితో వదిలేసి వుండును. గోర్కీ పుస్తకంలో, జబ్బుపడ్డ పిల్లవాడి మంచం దగ్గరికి ఆ ముసలివాడే మిఠాయిలు పట్టుకుని వస్తాడు. పక్కన కూర్చుని, పడుచుతనంలో వోల్గా గట్టు వెంట పడవలు లాగిన రోజులు చెప్తాడు. మనం తాతను క్షమించం. కాని ఆనాడు పడవతాడు భుజాన వేసుకున్నవాడే యీనాడు బరికె పట్టినవాడెలా అయ్యాడో చూస్తాం. వర్గసమాజం మనిషిని యేం చేస్తుందో చెప్పటానికి యింతకు మించిన పాఠం నాకు తెలియదు.

1919 లో వచ్చిన టాల్‌స్టాయ్ జ్ఞాపకాల్లో చూపు వేరు. 1901-02 లో క్రిమియాలో వున్నప్పుడు చిత్తుకాగితాల మీద రాసిపెట్టుకున్న ముక్కలే అందులో చాలా భాగం. ఆ మహానుభావుడి ముందు గోర్కీ అబ్బురపడతాడు, అనుమానపడతాడు కూడా. స్త్రీలను గురించి పెద్దాయన ఆడే మోటుమాటలు దాచడు. ఆయన అప్రతిఘటన బోధ తనకు గిట్టదనీ దాచడు. టాల్‌స్టాయ్ భార్య అంటే తనకు యిష్టం లేదంటూనే, చెర్త్‌కోవ్ ఆమెను దోషిగా నిలబెట్టినప్పుడు 1924 లో ఆమె పక్షాన కలం పట్టాడు. మన విమర్శకుల్లో యెందరు చెయ్యగలరు యీ పని?

లెనిన్ దగ్గరికి వచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. 1917-18 లో "నోవయా జీజ్న్" పత్రికలో ఆయన్ను కఠినంగా విమర్శించిన గోర్కీయే, 1924 లో ఆయన చనిపోయాక ఆప్యాయంగా స్మృతి రాశాడు. 1907 లో లండన్ హోటల్లో గోర్కీ పక్కగుడ్డలు చెమ్మగా వున్నాయేమోనని తడిమి చూసే లెనిన్ అందులో కనిపిస్తాడు. అభిప్రాయం మారటం తప్పు కాదు. కాని మొదటి కూర్పులో లెనిన్ నోట వినిపించిన ట్రాట్‌స్కీ ప్రశంస 1930 నాటి కూర్పులో రూపు మారిపోయింది. చనిపోయినవాడి మాటను కాలానికి తగినట్టు దిద్దటం అది.

యిక 1929. సలోవ్కీ దీవుల నిర్బంధ శిబిరానికి గోర్కీ అతిథిగా వెళ్లాడు. వెంట వున్నది రహస్య పోలీసులు. ఆ యేడే అచ్చయిన వ్యాసంలో ఖైదీలు వున్నారు గాని మనుషులు పలచబడ్డారు. 36 మంది రచయితలు కలిసి రాయగా, గోర్కీ కూడా సంపాదకుడుగా 1934 లో వెలువడిన తెల్లసముద్రం-బాల్టిక్ కాలువ పుస్తకంలో యీ జబ్బు ముదిరింది. 227 కిలోమీటర్ల ఆ కాలువను 1931-33 మధ్య తవ్వింది ఖైదీలు. పుస్తకంలో వాళ్లకు పేర్లున్నాయి, గతాలున్నాయి. కాని ఆ గతాలన్నీ ఒకే మూసలో సాగుతాయి: పతనం, శ్రమ, ఉద్ధరణ. అక్కడ వేలమంది చచ్చిపోయిన సంగతి అందులో లేదు.

"శత్రువుకు ఆయుధం అందించకండి" అని మిత్రులు అంటారు. ఆ ఆయుధం శత్రువు చేతిలో యెప్పటినుంచో వుంది. మన దగ్గర లేనిది సమాధానమే. గోర్కీ భయపడ్డాడనో, అమ్ముడుపోయాడనో తేల్చెయ్యటం సులువు. నాకది చాలదు. తాత యింట్లో ఆయన దెబ్బలు తిన్నవాడు. క్రిమియాలో యెదుట కూర్చుని గమనించినవాడు. సలోవ్కీలో కాపలావాళ్ల పక్కన నడిచినవాడు. శ్రమ మనిషిని మారుస్తుందన్న తన నమ్మకానికి అక్కడ రుజువు వెతికాడు, దొరికిందనుకున్నాడు.

మా కాలేజీ గోష్ఠిలో ఒక విద్యార్థి అడిగాడు: ఆ కాలువ దగ్గర కషీరిన్ లాంటి ముసలి ఖైదీ వుంటే గోర్కీ యేం రాసి వుండేవాడని. మంచి శ్రామికుడుగా మారాడని రాసి వుండేవాడు. మంచం దగ్గరికి తెచ్చిన మిఠాయికి మాత్రం ఆ పుస్తకంలో చోటుండేది కాదు.