పెన్నేటి పాటలోని ప్రశ్న

విద్వాన్ విశ్వముగారి 'పెన్నేటి పాట' 1956లో గ్రంథరూపమున వెలువడినది. అనంతపురము జిల్లా తరిమెలలో జన్మించిన యీ కవి, రంగన్న గంగమ్మ యను పేద దంపతుల బ్రదుకును వస్తువుగా గైకొని రాయలసీమ కరవునకు కావ్యగౌరవము గల్పించెను. విమర్శకులు సాధారణముగా నిందలి కరుణరసమును, ప్రాంతీయతను ప్రశంసించి విరమింతురు. ఆ ప్రశంస యుచితమే. కాని పెన్న యేల యెండెనని కవి వేసిన ప్రశ్నను కేవల విలాపముగా గ్రహించుట న్యాయము గాదు. అది సమాధానము గోరు ప్రశ్నయే యని మా మతము. విలాపమైనచో కరవునకు దైవము కర్త. ప్రశ్నయైనచో మనుష్యుని పాత్రను గూడ విచారింపవలసి యుండును.

ముందుగా మనుష్యునిది కానిదానిని వేఱుచేయుదము. పడమటి కనుమల చాటున నుండుటచే నీ సీమకు వాన తక్కువ. అనంతపురము ప్రాంతమున సాలీనా కురియునది సుమారు 550 మిల్లీమీటర్లు. ఇది భూస్వరూపము వలన గలిగినది. ఇందు నరుని దోషము లేదు.

అయినను పూర్వు లీ కొఱతకు తలయొగ్గి యూరకుండలేదు. 1388 నాటి యొక శాసనము, కల్లూడికడ పెన్ననీటిని మరల్చి కాలువద్వారా పెనుకొండకు దెచ్చుటకై జలసూత్రజ్ఞుడగు సింగాయభట్టు నియుక్తుడైన విషయమును దెలుపుచున్నది. 1369 నాటి పోరుమామిళ్ల శాసనము చెఱువునకు వలయు పండ్రెండంగములను, వర్జింపవలసిన యాఱు దోషములను బేర్కొన్నది. ఆ దోషములలో నొకటి, చెఱువు రెండు రాజ్యముల సరిహద్దున నుండుట. కల్లూడి నేడు కర్ణాటకమున, పెనుకొండ ఆంధ్రప్రదేశమున నున్నవి. 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలో జేరిన మడకశిర ప్రాంతమునకు మూడువైపుల కర్ణాటకమే. ఆఱు శతాబ్దములకు బూర్వము చెప్పబడిన దోష మిచటి నేలకు నిట్లు సంక్రమించినది.

చెఱువు కేవల జలాశయము గాదు. నీరు ఆవిరియగుచు పరిసరముల వేడిమిని దగ్గించును. గట్టుమీది చెట్లు నీడ నిచ్చును. తడినేల యాలస్యముగా వేడెక్కును. పూడిక నిండిన చెఱువు బట్టబయలై ఆ యూరి గాలినే మార్చివేయును. మడకశిర ప్రాంతపు పోకతోటలు, మల్బరీ తోటలు కంటికి చల్లగా దోచును గాని, వానిలో బెక్కింటికి ఆధారము గొట్టపుబావి. చెఱువు భూగర్భమునకు నీరిచ్చును; బావి దానిని దీసికొనును. ఇచ్చునది నశించి, తీసికొనునది పెరుగుటయే యీనాటి కరవులోని మానవాంశము.

దీనికి లోకవ్యాప్తమగు మఱియొక కారణము తోడైనది. వాతావరణ పరివర్తనమును బరిశీలించు అంతర్జాతీయ సంఘము, భూమి వేడెక్కుట మానవకృతమని 2021లో నిస్సందేహముగా బ్రకటించినది. 2011-2020 దశాబ్దమున భూతల సగటు ఉష్ణోగ్రత 1850-1900 నాటికంటె సుమారు 1.1 డిగ్రీ హెచ్చు. వేడిగాలి నేలతడిని త్వరగా బీల్చును. కురిసినపుడు కుండపోతగా గురియును. అట్టి వానను నిలుపుటకు చెఱువే తగిన సాధనము. అనగా దాని యవసరము హెచ్చిన కాలముననే మనము దానిని బోగొట్టుకొనుచున్నాము.

హవాయి దీవియందలి మౌనాలోవాలో బొగ్గుపులుసుగాలి యెడతెగని కొలత 1958లో మొదలైనది. కావ్యము దానికి రెండేండ్లు ముందటిది. కావున నీ శాస్త్రమును కవికి ఆరోపించుట కాలవిరుద్ధము గాదా యని యాక్షేపింపవచ్చును. కవికి ఈ సమాధానము దెలియునని మేము చెప్పుట లేదు. ప్రశ్న యాతనిది; సమాధానము వెదకు బాధ్యత పాఠకునిది. కావ్యమున లేనిదానిని జొప్పించుట వేఱు, కావ్య మడిగినదానికి బదులు చెప్పుట వేఱు.

కాబట్టి పరిశోధక విద్యార్థులు క్షామసాహిత్యమును జదువునపుడు రసచర్చతో దృప్తినొందక, శాసనములను, చెఱువుల చరిత్రను, వానలెక్కలను ప్రక్కన నుంచుకొనవలెనని మా మనవి. కంట నీరు దెప్పించుట కావ్యమునకు గుణమే. కాని ఆ కన్నీటిచే ప్రశ్న కొట్టుకొనిపోయినచో, ఆ లోపము కవిది గాదు, మనది.