12 శాతం వెనుక ఉన్నదేమిటి? – ధ్రువతీర వృక్షప్లవకాలపై ఒక పరిశోధన పత్రం: విమర్శనాత్మక పరిశీలన

వృక్షప్లవకాల వర్గీకరణ, ప్రాథమిక ఉత్పాదకత గురించి మీరు ఇదివరకే చదివారు. ఇప్పుడు ఒక పరిశోధన పత్రాన్ని తీసుకొని అది ఏం చెప్పింది, చెప్పినదాన్ని ఎంతవరకు నిరూపించింది అన్నది పరిశీలిద్దాం. అంటార్కిటికా ద్వీపకల్పపు పశ్చిమ తీర జలాలపై మార్టిన్ మాంటెస్-హ్యూగో, ఆయన సహపరిశోధకులు 2009లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన పత్రం ఇది. 30 ఏళ్లలో అక్కడి వేసవి ఉపరితల క్లోరోఫిల్ 12 శాతం తగ్గిందన్నది ఇందులో అందరూ ఉదహరించే ఫలితం. దీన్ని చదివిన విద్యార్థి సాధారణంగా ‘మంచు తగ్గింది, అందువల్ల ప్లవకాలు తగ్గాయి’ అని రాసి ముందుకు వెళ్లిపోతాడు. అది సగం సమాధానమే. మిగతా సగం అదే పత్రంలో ఉంది.

ముందు మంచు చేసే పని ఏమిటో చూడండి. సముద్రపు నీరు సుమారు −1.8 డిగ్రీల సెల్సియస్ వద్ద గడ్డకడుతుంది. గడ్డకట్టేటప్పుడు ఉప్పులో ఎక్కువ భాగం కింది నీటిలోకి వెళ్లిపోతుంది. కాబట్టి వసంతంలో ఆ మంచు కరిగినప్పుడు వచ్చే నీటిలో ఉప్పు తక్కువ. అది తేలికగా ఉండి పైపొరగా నిలుస్తుంది. ఆ పొరలో ఉన్న ప్లవకాలు లోతుకు కొట్టుకుపోకుండా వెలుతురులోనే ఉండి వేగంగా పెరుగుతాయి. చలికాలంలో మంచు మరో పని కూడా చేస్తుంది. గాలి నీటిని నేరుగా చిలకకుండా అడ్డుకుంటుంది. చలికాలంలో మంచు తక్కువైతే నీరు లోతు వరకు కలిసిపోతుంది, దాని ప్రభావం తర్వాతి వేసవి దాకా ఉంటుంది. రోథెరా కేంద్రం దగ్గరి రైడర్ అఖాతంలో సేకరించిన కొలతల ఆధారంగా వెనబుల్స్, క్లార్క్, మెరెడిత్ 2013లో ఈ సంబంధాన్ని చూపారు.

ఇక్కడ మీకు ఒక సందేహం రావాలి. గోదావరి, కృష్ణ వంటి నదుల మంచినీరు బంగాళాఖాతంపై తేలిక పొరగా పరచుకుంటుందని, దానివల్ల కింది పోషకాలు పైకి రాక ఉత్పాదకత తగ్గుతుందని చదివి ఉంటారు. మరి అదే పొర అంటార్కిటికాలో మేలు ఎలా చేస్తుంది? మన సముద్రంలో ఎండకు కొదవ లేదు, కొరత పోషకాలకే. అక్కడి తీరంలో నైట్రేట్, ఫాస్ఫేట్ సాధారణంగా పుష్కలం, కొరత వెలుతురుకు. పొర ఒకటే అయినా, ఆ సముద్రంలో దేనికి కరువుందో దాన్నిబట్టి ఫలితం మారుతుంది.

ఈ దృష్టితో చూస్తే పత్రంలో అసలు బలం 12 శాతంలో లేదు, ఉత్తర దక్షిణ భాగాలను విడదీసి చూపడంలో ఉంది. క్లోరోఫిల్ బాగా తగ్గింది 63 డిగ్రీల దక్షిణ అక్షాంశానికి ఉత్తరంగా. ఇంకా దక్షిణానికి వెళ్తే అది గణనీయంగా పెరిగింది. ఉత్తరాన మంచు రక్షణ తగ్గి, గాలి, మబ్బు పెరిగి, ప్లవకాలకు వెలుతురు తగ్గింది. దక్షిణాన ఏడాదిలో ఎక్కువకాలం నీటిని మూతలా కప్పి ఉంచే మంచు కొంత తొలగడంతో వెలుతురు లోపలికి వెళ్లింది. మార్పు ఒక్కటే, ఫలితాలు రెండు, అవీ ఎదురెదురు దిశల్లో. ఆ రెండింటినీ కలిపి సగటు కడితే వచ్చేది 12. ఆ సంఖ్యను సారాంశంలో అంత ముందుకు తేవడం పాఠకుణ్ణి దారి తప్పించేదే అని నా అభిప్రాయం.

‘30 ఏళ్లు’ అన్న మాటను కూడా జాగ్రత్తగా చదవాలి. పోల్చినవి రెండు కాలఖండాలు: ఒక ఉపగ్రహ పరికరం 1978–86 మధ్య సేకరించిన దత్తాంశం, మరో పరికరం 1998–2006లో సేకరించినది. మధ్యలో పదకొండేళ్లకు పైగా ఖాళీ. రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి తేడా చెప్పవచ్చు. నడుమ ఏం జరిగిందో వాటినుంచి చెప్పలేం. పైగా ఉపగ్రహం చూసేది మబ్బులు లేని చోట, మంచు లేని చోట, నీటి పైభాగాన్ని మాత్రమే. ఈ పరిమితి ఎంత పెద్దదో ఆర్కిటిక్ నేర్పింది. 2011లో చుక్చీ సముద్రంలో సుమారు మీటరు మందం మంచు కింద భారీ ప్లవక వికాసాన్ని అరిగో బృందం కనుగొంది. ఉపగ్రహానికి అది కనబడే అవకాశమే లేదు.

నాకు అన్నిటికంటే ఇబ్బందిగా తోచేది పేరు. పత్రం శీర్షికలో ఉన్నది ప్లవక ‘సముదాయాలు’. ప్రధానంగా లెక్కించినది క్లోరోఫిల్. క్లోరోఫిల్ ఎంత ఉందో తెలిసినంత మాత్రాన అది ఏ జాతులదో తెలియదు. తినేవాటికి ముఖ్యమైనది ఆ రెండో ప్రశ్నే. పామర్ కేంద్రం దగ్గర 1991–96 నమూనాలపై మోలీన్, సహచరులు 2004లో రాసిన పత్రాన్ని దీని పక్కన పెట్టి చదవండి. వాళ్లు నీటిని తోడి కణాలను గుర్తించారు. కరిగిన నీటివల్ల లవణీయత తగ్గిన కాలాల్లో పెద్ద డయాటమ్‌ల స్థానంలో సుమారు 8 మైక్రాన్ల క్రిప్టోఫైట్లు వచ్చాయి. అంత చిన్న కణాలను క్రిల్ సమర్థంగా వడకట్టుకోలేదు, సాల్ప్‌లు మాత్రం తినగలవు. అంటే క్లోరోఫిల్ ఏమాత్రం తగ్గకపోయినా క్రిల్‌కు ఆకలి తప్పకపోవచ్చు. మరో సంగతి, మోలీన్ బృందం చెప్పిన ఆ నీటికి ముఖ్య ఆధారం హిమానీనదాలు, సముద్రపు మంచు కాదు. రెండూ కరిగితే మంచినీరే కాబట్టి చాలా పుస్తకాల్లో ఇవి కలగలిసిపోయాయి. హిమానీనదపు నీరు నేలమీది మంచునుంచి వేసవి పొడవునా వస్తుంది. సముద్రపు మంచు ముందు నీటిని కప్పి, తర్వాత కరుగుతుంది.

క్రిల్, పెంగ్విన్ల విషయంలో 2009 పత్రం మాట తూచి వాడింది. ప్లవకాల్లో మార్పులు వాటి సంఖ్యలో మార్పులతో ఏకకాలంలో కనిపించాయని మాత్రమే చెప్పింది, కారణమని అనలేదు. మీ అసైన్‌మెంట్‌లో ఆ వాక్యాన్ని వాడుకునేటప్పుడు ‘వల్ల’ అన్న మాట చేర్చకండి.